రెండో చూపు

పలాస స్టేషన్లో దిగేసరికే
జీడిపిక్కలు కాల్చే పొగ చొక్కాకి పట్టేసింది.
కాశీబుగ్గ అవతల రేకుల షెడ్డు,
దాని పక్కన గుమస్తా గది,
గదిలో బూడిదరంగు గడుల కిటికీ.
ఫాక్స్‌ప్రోలో ఎవరో రాసిపోయింది.
కోడు నెత్తిన "తాత్కాలికం" అని ఉంది.
పద్నాలుగేళ్ల తాత్కాలికం.

పిలిచింది దొంగలెక్క పట్టమని కాదు.
గోడౌన్లో పప్పు ఎక్కువుంది, పుస్తకంలో తక్కువుంది,
పన్నులాఫీసు కాగితం వచ్చింది.
తక్కువొస్తే కూలీల్ని వెతుకుతారు,
ఎక్కువొస్తే నన్ను.

గుమస్తా చింతాడ దాలినాయుడు.
కళ్లజోడు కాడకి దారం కట్టు.
పేరు, తేదీ, బరువు, రేటు, కూలి:
తెరమీద ఐదు నిలువు గదులు.
తట్టతో సహా తూకం కొడతాడు, 8.400.
కర్సర్ ఆ గది గడప దాటగానే
లోపలెవరో తట్ట బరువు ఆరొందల గ్రాములు తీసేస్తారు.
7.800. న్యాయమే.

ఒక పూటంతా ఏమీ దొరకలేదు.
నేను కొడితే అన్నీ సరిగ్గానే వస్తున్నాయి.
లోపలికొచ్చే గడప, బయటికెళ్లే గడప,
వరుస మారే గడప, అన్నీ తడిమాను.

కిటికీ ఊచలవతల బైరి తవిటమ్మ,
జీడిరసానికి ముద్రలు చెరిగిన వేళ్లతో
ఊచ పట్టుకుని,
"ఏటి బాబూ ఎతుకుతన్నావు?
ఆ నాయుడుబాబు సూపు మంచిది కాదు.
ఒకపాలి సూత్తే పరవానేదు.
రెండోపాలి సూసినాడంటే
నా పప్పు అరకేజీ ఎండిపోద్ది."

నవ్వాను.
తర్వాత నవ్వడం ఆపాను.

చదువురానివాళ్ల వరుస దగ్గరికి
దాలినాయుడు మళ్లీ వెళ్తాడు, తప్పు పడకూడదని.
బరువు గదిలో ఆగుతాడు, చీటీతో పోలుస్తాడు,
సరిపోయిందని పక్క గదిలోకి జరిగి
తల తిప్పుకుంటాడు.
సరిగ్గా అప్పుడు
తీసేసిన తట్టనే ఇంకోసారి తీసేస్తుంది అది.
7.200.
ఏమీ మార్చకుండా వెళ్లినా
వెళ్లడమే దానికి కబురు.

నిర్లక్ష్యంగా కొట్టిన వరుసలు నిక్షేపంగా ఉన్నాయి.
జాగ్రత్త పడ్డ చోటల్లా కన్నం.

ఒక్క షరతు రాశాను:
అంకె మారితేనే చెయ్యి వెయ్యి.
దానిపైన నక్షత్రం గుర్తు పెట్టి
(ఆ గుర్తున్న వరుసను యంత్రం చదవదు)
"కనిపెట్టింది బైరి తవిటమ్మ" అని
ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను.
ఆ కిటికీకి తెలుగు రాదు.

దాలినాయుడు చాలాసేపు కళ్లజోడు తుడిచాడు.
పాత బరువులు ఎక్కడైనా ఉంటాయా అన్నాడు.
పట్టికలో చివరి అంకె తప్ప మొదటిది మిగలదు.
చీటీలు?
పొయ్యి రాజేయడానికి వాడేస్తారని
తనే గుర్తు తెచ్చుకున్నాడు.

యజమాని నా బిల్లులో ఆటో ఛార్జీ కొట్టేశాడు.

సాయంత్రం తూకం. తవిటమ్మ తట్ట దింపింది.
8.100. 7.500.
దాలినాయుడు చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.
"సూడు బాబూ," అంది ఊచల్లోంచి వంగి,
"మల్లీ సూడు. నానూ సూత్తాను."

అతను ఆ గదిలోకి వెళ్లాడు,
నిలబడ్డాడు, వచ్చేశాడు.
7.500.

నా బండికి ఇంకా పావుగంట ఉంది.