పేటలోకి దిగడం

మా అపార్ట్‌మెంట్ మేడ మీంచి చూస్తే
పెద్ద జాలరిపేట కనబడుతుంది:
నీలం టార్పాలిన్లు, ఆరేసిన వలలు,
ఇసకలో పక్కకి ఒరిగిన ఫైబరు తెప్పలు.
ఇరవయ్యేళ్ళు మేడ మీంచే చూశాను.
నడిస్తే పన్నెండు నిమిషాలే అని
కాలేజీలో ఎన్నెస్సెస్‌కి పేరిచ్చాకే తెలిసింది.

మొదటి ఆదివారం నలభై మందిమి దిగాం,
తెల్లటోపీలు, రబ్బరు గ్లవ్సులు.
బేనరు మాకన్నా ముందు నడిచింది.
తీరం శుభ్రం చేశాం. ఫొటోలు దిగాం.
ఆ చెత్తతో పాటు ఒక పాత వల కూడా పోయింది.
మాకది చిక్కుపడ్డ దారం.
అర్జిల్లి ఎల్లాజీకి మాత్రం
బెండ్లు విప్పి కొత్తదానికి కట్టుకోవలసిన ఆస్తి.
ఆయన తిట్టలేదు.
నోట్లో చుట్ట తీయకుండా
మున్సిపాలిటీ బండి వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు.
తిట్టినా బాగుండేది.

రెండో ఆదివారానికి పదకొండుమందిమి.
మూడోదానికి నలుగురం:
నేను, సుభాషిణి, గాజువాక ఇమ్రాను,
పాడేరు నుంచొచ్చి హాస్టల్లో ఉండే కొర్రా బొంజుబాబు.
సుభాషిణికి ఎండుచేపల వాసన పడలేదు.
తప్పేం లేదు, ముక్కు మూసుకునే
ఇంకో రెండు వారాలొచ్చింది.

ఈసారి బేనరు లేదు. సర్వే కాగితాలున్నాయి.
ఇరవయ్యేడు ప్రశ్నలు.

"నెలసరి ఆదాయమెంతమ్మా?"
తెడ్డు పరదేశమ్మ నెత్తళ్ళు తిరగేస్తూ నవ్వింది.
"ఏ నెలదే గుంటా?
కోనాం పడ్డ నెలదా, గాలి తిరగబడ్డ నెలదా?
ఏట మూసేసిన రెణ్ణెల్లదా?
నాకేటి తెలుసు, దాన్నడుగు"
అని గెడ్డంతో సముద్రాన్ని చూపించింది.
ఆ గడిలో ఏం రాయాలో తెలీక
పెన్నుకి మూత పెట్టేశాను.

మూత పెట్టాకే లోపలికెళ్ళి
బియ్యం డబ్బాలోంచి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది.
ఆధార్లో పరదేశమ్మ.
బేంకు పుస్తకంలో పరదేశియమ్మ.
మధ్యలో ఇరుక్కున్న ఆ ఒక్క 'య' కోసం
మొగుడు పోయాక రావలసిన పింఛను
రెండేళ్ళుగా ఎక్కడో ఆగిపోయింది.

ఆ 'య'ని పీకడానికి
సచివాలయానికి ఆరుసార్లు,
బేంకుకి నాలుగు,
సర్వర్ లేదని తిరిగొచ్చినవి లెక్కలో వేయలేదు.
వెళ్ళిన ప్రతి పూటా ఆమెకి ఒక బేరం పోయింది.
క్యూలో నా పక్కనే ఖాళీ గిన్నె తిరగేసి కూర్చునేది.
రెండేళ్ళలో రెండువందల నలభై గంటలు సేవ చేస్తే
మాకు సర్టిఫికెట్ వస్తుంది.
ఆవిడ గంటలు ఏ రిజిస్టర్లో ఎక్కించాలి?

ఇటు ఎల్లాజీ మాతో ఇంకా మాట్లాడలేదు.
ఒక సాయంత్రం బొంజుబాబు వెళ్ళి
చెప్పకుండానే వల రెండో కొస పట్టుకుని కూర్చున్నాడు.
తెగిన కన్ను దగ్గర కండె తిప్పి, లాగి, ముడేశాడు.
ముసలాయన చుట్ట తీశాడు.
"ఎవలు నేర్పినార్రా?"
"మా తాత. పిట్టల ఉచ్చులకి."
"కొండమీద ముడీ, మా ముడీ ఒకటేనేటి!"
ఆ మాటకి పక్క పడవ మీంచి ఇద్దరు దిగొచ్చి
వంగి చూశారు.
చీకటి పడ్డాక కూడా బొంజుబాబు రాలేదు,
ఇమ్రాను సెల్లు లైటు పట్టుకుని వాళ్ళ మీద కూర్చున్నాడు.
నేను కూడా ప్రయత్నించాను.
నా ముడి జారిపోయింది.
ఇప్పటికీ జారుతుంది.

కాగితాలు ఇచ్చేయమని సార్ అడిగారు.
ఇరవయ్యారు గడులు నిండాయి.
ఆదాయం గడి అలాగే ఖాళీ.
"సున్నా అని రాయొచ్చు కదమ్మా" అన్నారు.
రాయలేదు. సున్నా కూడా ఒక అంకే.

పరదేశమ్మకి ఫోను లేదు.
పింఛను పడితే మెసేజ్ నా నంబరుకే వస్తుంది.
రాత్రి మేడ మీద బట్టలు తీస్తున్నప్పుడు
మూడో వరుస చివర ఆవిడ గుడ్డిలైటు కోసం వెతుకుతాను.
చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచుకున్నాను.
ఫోను గుర్రుమన్నప్పుడల్లా లేస్తున్నాను.
చాలాసార్లు అది
జగదాంబ దగ్గర ఏదో చీరల షాపు వాడి
డిస్కౌంటు.