తొమ్మిది గడులు

కర్నూలు కలెక్టరాఫీసు గోడవార
ఇరవై రెండేండ్లు అర్జీలు రాసినా.
"మహారాజశ్రీ" అని మొదలుపెడితే చాలు,
చెప్పేటోళ్ల గొంతు రవ్వంత లేచేది.

ఇప్పుడు సోమవారాల్లేవు.
సచివాలయంలో ట్యాబు,
కారణానికి తొమ్మిది గడులు.

బుధవారపేట మాబున్నికి
పింఛను ఆగింది, ఇల్లు రద్దయింది.
మీటరు ఆమె పేరున ఉంది,
కాల్చేది మూడు కాపురాలు.
ఆ మాట ఏ గడిలోనూ పట్టలే.
ఆ పిల్లోడు మాత్రం ఏం జేస్తాడు,
"ఇతరములు" నొక్కినాడు.

మూడోనాడు ఫోను నా చేతికిచ్చింది.
"మీ అర్జీ పరిష్కరించబడినది."
రెండుమార్లు చదివినా.
అంతే ఉంది.

"అంటే ఏందన్నా?"

తెల్లకాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నా.
"మహారాజశ్రీ" దాకా రాసి ఆగినా.

ఎవరికని ఆమె అడగలే.
"మీటరు కాడ్నుంచి మొదలుపెట్టు" అనింది.