నాలుగు సెకన్లు

గుణుపురంలో మా స్టూడియోకి
పాస్‌పోర్టు ఫొటోలే అన్నం పెడతాయి.
"గడ్డం కొంచెం పైకి. నవ్వొద్దు."
పద్దెనిమిదేళ్లుగా రోజూ ఇదే మాట.

ఈసారి సిమెంటు కొట్టు పాత్రోగారికి
కేలెండరు మీదకి జలపాతం కావాలట.
"పాలు పోసినట్టుండాలి బాబూ" అన్నాడు.

అలా కార్తీకంలో ఒక తెల్లవారుజామున
స్టాండు భుజాన వేసుకుని లక్కియా సవర ముందు,
జలుబుతో నేను వెనక.
జీలుగు చెట్లు దాటాక దారి దారి కాదు,
రాయికీ రాయికీ మధ్య బేరం.
అడ్డాకు తీగలు సంచి పట్టుకు గుంజేయి
బాకీ ఉన్నవాణ్ణి గుంజినట్టు.

మొదట చప్పుడు వచ్చింది.
తర్వాత చలి.
నీళ్లు ఆఖర్న కనబడ్డాయి,
రెండు కొండల సందులో
ఎవరో తలుపు ఓరగా తీసి మరిచిపోయినట్టు.

ఎండ ఇంకా లోయలోకి దిగలేదు.
స్టాండు మూడు కాళ్లకీ మూడు రాళ్లు వెతికాడు లక్కియా.
అద్దం మీద తుంపర. తుడిచాను.
మళ్లీ తుంపర.
తువ్వాలు తడిసింది, చొక్కా అంచు తడిసింది,
చివరికి లక్కియా తలగుడ్డ ఒక్కటే పొడిగా దొరికింది.
నాలుగు సెకన్లు కన్ను తెరిచి ఉంచాను.
ఊపిరి బిగబట్టాను, స్టాండుకి నేను నాలుగో కాలునన్నట్టు.

ఆ నాలుగు సెకన్లలోనే
కొండచీపుళ్ల మోపు నెత్తిన పెట్టుకుని
ఒక ఆడమనిషి మడుగు అవతలి రాళ్ల మీదుగా దాటింది.

తెర మీద నీళ్లు పాలయ్యాయి.
రాళ్లు రాళ్లుగానే ఉన్నాయి.
ఆమె లేదు.

చుట్టూ తిరిగొచ్చి మోపు దించి
"నేనేదీ?" అంది. ఆమె సవరలో, లక్కియా ఒడియాలో,
నా దగ్గరికొచ్చేసరికి తెలుగులో, అదే ప్రశ్న.
రాయి పక్కన బూడిదరంగు మరక చూపించాను.
"అది పొగ కదా" అంది.
పేరడిగాను. గల్లంతి.
మా భాషలో ఆ మాట దేనికి దగ్గరో
లక్కియాకి చెప్పలేదు.

మళ్లీ ఒకసారి దాటమన్నాను.
బరువెందుకు, వదిలెయ్యమన్నాను.
"మోపు లేకపోతే నాకు దాటే పనేమిటి?"
ఈసారి సెకనులో వెయ్యో వంతు.
నీళ్లు విరిగి, చేటలోంచి ఎగిరిన నూకల్లా
గాల్లో ఆగిపోయాయి. పాత్రోగారికి పనికిరావు.
ఆమె ఒక కాలు నాచు మీద, ఒక కాలు ఎక్కడా లేదు.
నవ్వుతోంది.
నవ్వొద్దనడం మరిచిపోయాను.

ఇప్పుడు ఊళ్లో మూడొందల గోడల మీద పాలు పోస్తున్నాయి.
ఎడమ పక్క మరకని అందరూ మంచనుకుంటున్నారు.
మా ఆవిడైతే అచ్చు తప్పంది.

మంగళవారం సంతకి వచ్చి
తన ఫొటో అడిగి తీసుకుంది గల్లంతి.
చాలాసేపు చూసింది.
మొహాన్ని కాదు.
"చీపుళ్లు బాగా పడ్డాయి" అంది.

మోపుకి ఫొటో ఆనించి కూర్చుని
కట్టకి అయిదు రూపాయలు పెంచింది.
నేనడిగినా అదే ధర చెప్పింది.