శిల్పులకు పిలుపు: ఐదో చిత్తుప్రతి

"ఇందుమూలముగా" అని మొదలుపెట్టి
కొట్టేశాను.
ఇందుమూలముగా ఎవరూ ఏ రాయినీ చెక్కరు.

గుట్టల బేగంపేటలో చెరువు పక్కన కొత్త బాట.
గుట్టలు పేరులో ఉన్నాయి,
మిగతావి అపార్టుమెంట్ల పునాదుల్లో.
బాట పొడుగునా పద్నాలుగు రాతి దిమ్మెలు నిలబెట్టాం.
తలుపు లేదు, టికెట్ లేదు, కప్పు ఆకాశమే.
ఏడాదిపాటు మీ శిల్పాన్ని మా ఊరికి చేబదులివ్వండి
అని రాయడం నా డ్యూటీ.

రాశాను:
మీ శిల్పం ఎండకు ఆగాలి.
మే నెలలో ఇక్కడ ఇనుము మీద చెయ్యి ఆనదు.
వానకు ఆగాలి. మా వాన చెప్పి రాదు,
వచ్చాక మోకాళ్ళ దాకా పలకరిస్తుంది.
పావురాలకు, గుట్కా ఉమ్ముకు,
ఎన్నికల పోస్టర్ల మైదా జిగురుకు,
పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటలకు ఆగాలి.
ఆదివారం పిల్లలు ఎక్కుతారు.
ఎక్కొద్దని బోర్డు పెడతాం, బోర్డు కూడా ఎక్కుతారు.
ముక్కు విరిగితే మేం బాధ్యులం కాము.

సూపరింటెండెంటు గారు
ఆ చివరి వాక్యం ఒక్కటీ ఉంచారు.

అయినా కబురు పాకింది.
మాసాబ్‌ట్యాంక్ కాలేజీ పిల్ల హిమజ
ఎండిన బోర్ల పైపులు పోగేసి
దాహాన్ని చేసి తెస్తానంది, బరువు మూడు క్వింటాళ్ళు.
లాలాగూడ వర్క్‌షాపులో రిటైరైన వెల్డరు
ఇనాయతుల్లా సాబ్ ఫోన్ చేశాడు:
"మేడం, బ్రేకు చువ్వలతోని ఒంటెను చేసిన.
ఒంటె లెక్క లేదు. నడుస్తదా?"
నడవకపోతేనే మంచిది సాబ్, నిలబడితే చాలన్నాను.

గురువారం లంచ్ టైముకు
మౌలాలి నుంచి రెండు బస్సులు మారి
వల్లెపు సాయవ్వ వచ్చింది.
గుడ్డసంచిలో రెండు ఉలులు, ఒక సుత్తె, సద్దిగిన్నె.
"రోళ్ళకు గంట్లు పెడ్తం" అని
గల్లీగల్లీ తిరిగి అరిగిపోయిన గొంతు.
"గత ప్రదర్శనలు" అన్న గడి దగ్గర ఇద్దరం ఆగాం.
బోరబండ, ఎర్రగడ్డ, సనత్‌నగర్ క్వార్టర్లు,
చెబుతూ పోయింది, రాస్తూ పోయాను,
గడి దాటి అంచు దాకా.
ఎప్పటివరకు?
"మిక్సీలొచ్చేదాంక."

శిల్పం పేరేం రాయమంటావన్నాను.
"ముందుగాల జాగ చూపియ్యి బిడ్డా."

ఆటోలో తీసుకెళ్ళాను.
చెరువును చూడలేదు, అవతలి అద్దాల మేడల్ని చూడలేదు.
ఏడో దిమ్మె పక్కన గొంతుక్కూచుని
సుత్తెతో మెల్లగా తట్టి, చెవి ఆనించింది.
"గిది ఎవరు కోసిండ్రు?"
టెండర్ పిలిచాం.
"పిలిస్తె వచ్చినోడు రాయినడగలే.
పొర ఎటు పోతున్నదో సూడకుంట మిషిన్ల పెట్టిండు.
రెండెండలు ఆగుతది. మూడోదానికి పగుల్తది,
మీదికెల్లి మీరు ఏ దేవున్ని కూసోబెట్టినా."

పద్నాలుగింటినీ తట్టింది.
నేను వెనకాలే నడుస్తూ నంబర్లు రాసుకున్నాను:
మూడు, ఏడు, ఎనిమిది, పదకొండు, పన్నెండు.
నాకు అన్నీ ఒకేలా మోగాయి.
పన్నెండో దాని దగ్గర మళ్ళీ కొట్టి వినిపించింది,
అప్పుడు తెలిసింది,
అడుగు పగిలిన కుండ మాట.

మరి నువ్వేం పెడతావు సాయవ్వా?
"ఆ ఐదు గుంజి పారెయ్యుండ్రి.
నేను గీ మూలకు కూసుంట.
వచ్చిపోయేటోళ్ళ ముంగట్నే కొత్తయి కొడ్త.
మా తమ్ముని కొడుకు సాయం వస్తడు.
అన్నం టైముకు జరంత నీడ గావాలె."

ఫారం నింపాను.
మాధ్యమం: చప్పుడు.
కొట్టేసి, నల్లరాయి అని రాశాను.
నీడ ఏ పద్దు కిందికి వస్తుందని
పైనుంచి అడుగుతున్నారు. ఇంకా వెతుకుతున్నాను.

కాబట్టి శిల్పులారా, రండి.
ప్రస్తుతానికి తొమ్మిది దిమ్మెలే ఉన్నాయి.
గడువు నెలాఖరు, వానలు పడితే ఇంకో వారం.
దారి అడగనక్కర్లేదు,
వంతెన దిగగానే ఉలి వినిపిస్తుంది.
కార్లలో వచ్చేవాళ్ళు
అద్దాలు దించుకోండి.