పై మూడో వంతు

శనివారాలు నేను హల్‌లో,
మీగడరంగు టెలిఫోన్ పెట్టెకు ఎదురుగా ఉన్న
ధర్మాసుపత్రి వారి పాతసామాన్ల కొట్లో ఉంటాను.
చొక్కాలు బెరిల్ చూస్తుంది.
ముక్కలు తక్కువైన బొమ్మల పజిళ్లు ఎవరూ చూడరు.
పుస్తకాలు నావి.

పోయిన వారం ఎవరో అరటిపళ్ల డబ్బా దించి వెళ్లారు.
నలభై ఒక్క పేపర్‌బ్యాకులు.
ముందు వాసన పలకరించింది,
ఎండిన జిగురు, పైపు పొగాకు, ఎవరింటిదో అటక.
వెన్నులు విరిగాయి. వెల ఇంకా షిల్లింగుల్లోనే ఉంది.

అట్టలు మాత్రం
నిన్ననే పొయ్యి మీంచి దించినట్టున్నాయి.
నారింజ ఎడారిలో గాజు బుడగల ఊరు.
రెండు సూర్యుళ్ల నడుమ ఇరుక్కున్న వంకాయరంగు ఓడ.
పచ్చటి వానలో గొడుగు లేక
నిలబడిపోయిన మరమనిషి.

"లోపల ఇవేవీ ఉండవు తెలుసా" అంది బెరిల్.
తెలుసు. చదివాను.
అట్ట మీద చందమామలు మూడు,
కథలో ఒకటే,
అదీ పదకొండో అధ్యాయంలో, మబ్బు చాటున.
అట్ట మీద ఓడ సూదిలా నిలబడుతుంది,
కథలో అది గుండ్రమని
రచయిత రెండుసార్లు మొత్తుకున్నాడు.
అయినా నేను అట్ట పక్షమే.
అంత ధైర్యంగా అబద్ధమాడేవాళ్లకి
నా మూడున్నర షిల్లింగులు ఎప్పుడో ఇచ్చేసేవాణ్ణి.

ముప్పై ఏడింటికి
కింది మూలన ఒకే సంతకం, చీమ నడిచినట్టు.
ఎన్. ఎల్లర్‌బీ.

ఈ శనివారం ఆ డబ్బా మనిషి మళ్లీ వచ్చాడు,
చంకలో పాత కర్టెన్ చుట్టిన పలక.
"మా మేనత్త నోరా," అన్నాడు,
"ఇదొక్కటే మిగిలింది."

లండన్ నుంచి పోస్టులో నాలుగు వాక్యాల కథ వచ్చేదట.
పన్నెండు రోజులు గడువు.
ఉత్తరాలన్నీ మిస్టర్ ఎల్లర్‌బీకే,
ఆవిడ ఎన్నడూ దిద్దలేదు.
ఇస్త్రీపెట్టెను నిలబెట్టి రాకెట్ గీసింది.
చేపను స్నానాలతొట్టిలోకి పంపి
దాని గాజుకుండలో వ్యోమగామి తల పెట్టింది.
అంగారకుడి నేలకి
ఆటు పోయాక హంబర్ ఒడ్డున తేలే బురద చాలింది.
పాత టూత్‌బ్రష్ వెంట్రుకల్ని బొటనవేలితో మీటితే
వంటింటి బల్ల మీద, పాలగిన్నె మీద, మేనల్లుడి చెవి మీద
నక్షత్రాలు.

ఒక్కటే షరతు పెట్టారట కంపెనీ వాళ్లు,
పై మూడో వంతు ఖాళీగా వదలాలి.
పేరుకి, రచయితకి, వెలకి.

అంటే బతుకంతా ఆవిడ
ఎవరో బూట్లతో నడిచిపోయే ఆకాశాన్ని గీసింది.
ఒక పొర ఆరాక ఇంకో పొర,
లేత ఊదా కింద ముదురు ఊదా,
ఎవరూ చూడరని తెలిసీ.

కర్టెన్ విప్పాడు.
కింద సగం నాకు తెలిసిన బొమ్మే,
చేతిలో ఉన్న పుస్తకం అట్టే,
అదే ఎడారి, అవే బుడగలు.
పైన అక్షరాలు లేవు.
ఆకాశానికి మొదటిసారి ఊపిరాడింది.
అక్కడ,
పసుపుపచ్చ పేరులో నాలుగో అక్షరం కూర్చున్న చోట,
తేలే రాతిముక్క అంచున
వడ్లగింజంత టెలిఫోన్ పెట్టె.
ఎరుపు కాదు. మా ఊరి మీగడరంగు.
లోపల దీపం.
కోటు వేసుకున్న ఒకావిడ
రిసీవరు చెవికి ఆనించి
అవతలివాళ్లు ఎత్తేదాకా నిలబడి ఉంది.

మేనల్లుడూ ఇప్పుడే చూశాడు.
కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.
"దీనికి ఎంతొస్తుంది?" అని అడగడానికి వచ్చినవాడు
అడక్కుండా
కర్టెన్ మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు.

మిగతా ముప్పై ఆరు అట్టల్నీ
ఒక్కొక్కటే కిటికీకి ఎత్తి పట్టుకుంటున్నాను.
లావుపాటి అచ్చు, వెలుతురు దూరదు.
పేర్లు పేర్లుగానే ఉన్నాయి.
బెరిల్ తాళంచెవులు ఆడిస్తోంది.
ఇంకో రెండు, అన్నాను.
ఇంకో రెండే.