తక్కువ గాలి

చండూరు బజార్ల దయాకరు దుకాణంల
పద్నాలుగు ఫ్యాన్లు వేలాడుతున్నయి,
ఒక్కటి గూడ తిరుగుతలేదు.
ఆయన కౌంటరు ఎనుక కూసొని
చేతిరుమాలుతోని ఊపుకుంటున్నడు.

"ఎసొంటిది కావాలె వదినా?
ఇది నిమిషానికి నాలుగు వందల చుట్లు.
ఇది కరెంటు తక్కువ తింటది, రిమోటు గూడ ఉన్నది.
ఇదేమో, ఇగ తుఫానే."

నేనన్న,
"తక్కువ గాలి ఇచ్చేదుంటే సూపియ్యి."

రుమాలు ఆగింది.
ఇరవై ఏండ్ల బేరంల
ధర తగ్గియ్యమన్నోళ్లే గని
గాలి తగ్గియ్యమన్నోళ్లు లేరంట.

ఆయనకెట్ల జెప్పాలె.
గట్టుప్పలల మా ఇల్లు ఒకటే అర్ర,
అర్రల సగం మగ్గం గుంట.
గుంటల కాళ్లకు సల్లగనే ఉంటది,
నడుం పైనంత మే నెల.
పడుగు మీద నాలుగువేల పట్టుపోగులు.
గాలి తాకితె ఎండుతయి, ఎండితె లేస్తయి,
లేసింది తెగుతది.
తెగింది అతికేటప్పుడు
బిచ్చపతి ఊపిరి గూడ బిగవడ్తడు.
గాలి లేకపోతెనేమో
గడ్డం కొసకెల్లి చెమట చుక్క
చిలకపచ్చ అంచు మీద రాలుతది.
పోయిన చీరల గా చుక్కకు
సావుకారి మూడు వందలు కోసిండు.

పక్కింటి అండాలు కూలరు తెచ్చింది.
నెల తిరగకముందే అచ్చు పండ్లకు తుప్పు.

మా అత్త ఉన్నప్పుడు
ఎనుక పీట మీద కూసొని విసురుకర్ర పట్టేది.
నాడె అటు పోంగ ఒక విసురు,
ఇటు రాంగ ఆగేది.
గా లెక్క ఏ కంపెని ఫ్యానుకు రాదు.

ఇంట్ల సీలింగు ఫ్యాను లేక కాదు.
స్విచ్చి మీద ప్లాస్టరంటించి
మూడు రెక్కలకు రంగద్దిన పట్టులడులు ఆరేస్త.
మొన్న మా ఆడబిడ్డ పెనిమిటి లింగస్వామి వచ్చి
"గింత ఉడుకల ఎట్లుంటరు" అని
ప్లాస్టరు పీకి టక్కున ఏసిండు.
ఎర్రలడులు గొడుగు లెక్క లేసినయి.
గోడ మీద, క్యాలెండరు మీద,
లింగస్వామి తెల్లంగి మీద చినుకులు.
అందరం నవ్వినం.
నవ్వుకుంటనే నేను లడులు లెక్కవెట్టుకున్న,
మూడు పాడు.
గోడ మీద ఎరుపుకు ఇంకా సున్నం ఎయ్యలే.
ఆడబిడ్డ సూసి
"డిజైను మంచిగున్నది, చీరకెయ్యి" అంటది.

దయాకరు అటక మీదికెల్లి
దుమ్ముబట్టిన టేబులు ఫ్యాను దించిండు.
మూడు బటన్లు, ఒకటో నంబరే పనిజేస్తది.
"రిపేరుకిచ్చినోళ్లు మల్ల రాలే.
మూడొందల యాభై ఇయ్యి.
నీకోసమే చెడిపోయినట్టున్నది."

తెచ్చి ఎక్కడెక్కడ పెట్టలే!
ఎనుక పెడితె బుజాల పక్కకెల్లి పోయి పడుగు వణికింది.
పక్కకు పెడితె నా రాట్నం మీద
కండె దారం ఎగిరి చిక్కువడ్డది.
గుంటల పెడితె పావుకోళ్లకు వైరు చుట్టుకున్నది.
ఆఖరుకు యాష్టకొచ్చి
దాని మొఖం గోడకు తిప్పిన.

గాలి పోయి గోడకు గుద్దుకొని
మెత్తవడి ఎనుకకొచ్చింది.
బిచ్చపతి మెడ మీద తడి ఆరింది,
పడుగు కదలలే.
ఆయన ఏమనలే.
నాడె ఒక్క గడియ ఆపి
మెడ ఇటు, అటు తిప్పిండు, అంతే.

ఇంటికొచ్చినోళ్లు అడుగుతరు,
"ఏందక్కా, ఫ్యాను అలిగిందా?"

రాత్రి మగ్గం మీద పాత చీర కప్పి
ఫ్యానును మా దిక్కు తిప్పుత.
ఒకటో నంబరుకు దోమలు గూడ జంకవు.
ఆయన మాత్రం
నిద్రల పొర్లి గోడదిక్కు మొఖం పెడ్తడు,
గాలి అక్కడ్నుంచే రావాలె అన్నట్టు.