లోపల కూర్చొని గీసిన బొమ్మ

నా వృత్తి కన్నాలు వేయడం.
చీకటి పడక్కర్లేదు, గునపం అక్కర్లేదు.
కుషాయిగూడ మూడో అంతస్తులో ఫ్యాను కింద
ఒక మౌస్ చాలు.

ఈసారి పెట్టె పాల కేంద్రాలకి.
వెన్న శాతం చెప్పే యంత్రం లోపలుంటుంది,
వెనక రేకులో మూడు దారులు కావాలి.
కరెంటుకొకటి, కంప్యూటర్‌కొకటి,
ఆ గుండ్రటి ఎనిమిది పిన్నుల కనెక్టర్‌కొకటి.

మొదటి రెండూ లైబ్రరీలో ఉన్నాయి,
పేరు నొక్కితే వచ్చి రేకు మీద వాలతాయి.
మూడోది లేదు.
గుజరాతీ గల్లీలో సంచీ లెక్కన కొన్న పాత సరుకు,
కాగితం లేదు, కంపెనీ పేరు సగం చెరిగింది.

వెర్నియర్ దవడల మధ్య పెట్టి కొలిచాను.
పదిహేను ఎనిమిది. పదిహేను ఎనిమిది.
పదిహేను తొమ్మిది.
పదహారని గీశాను.
రంగు కూడా కొంత తింటుంది మరి.
ఆ మందం మర్చిపోయి
కిందటేడు నేను తిన్న తిట్లు ఇంకా అరగలేదు.

వలయానికి ఒక పక్క కోత పెట్టాను,
గోడకి చెంప ఆనించి నిద్రపోయిన పిల్లలా
అక్కడొక చదును.
అది లేకపోతే బిగించిన ప్రతిసారీ
కనెక్టర్ గిర్రున తిరిగి
లోపలి తీగలు పేగుల్లా మెలిపడతాయి.

శుక్రవారం బాలానగర్ నించి ఫోను.
వజీర్ భాయ్ గొంతు, వెనక ప్రెస్ చప్పుడు:
"అమ్మా, నువ్వు డబ్బ లోపల కూసోని గీసినవ్ గదా."

అర్థం కాలేదు. అయింది.
లేచి నిలబడ్డాను, ఎందుకో.
మూడు రోజులుగా ఆ రేకుని లోపల్నించే చూస్తున్నాను.
బయటి మనిషికి నా ఎడమంతా కుడి.
బోర్డు ఒక వైపు, దారి ఇంకో వైపు.

"ఎన్ని కోశారు?"
"నలభై."
సార్‌కి చెప్పాల్సిన మాటలు నోట్లో సర్దుకుంటున్నాను.
"ఆగు. ఇంక మడత పెట్టలే.
బోర్లిచ్చి మడుస్త, లోపలిది బయటికైతది.
గానీ బూరు గూడ బయటికొస్తది, చెయ్యి కోస్తది.
ఒక్కోదానికి ఆకురాయి పట్టాలె."

మధ్యాహ్నం వెళ్ళేసరికి
స్టూలు మీద అతను, ఒళ్ళో గోనెపట్టా.
నూట ఇరవై కన్నాల్లో ఎన్నోదో.
ఆకురాయి వలయం చుట్టూ నడిచి
చదును దగ్గర ఆగి, తిన్నగా వెళ్ళి,
మళ్ళీ మలుపు తిరుగుతోంది.
నేను ఒక్క క్లిక్కుతో వేసిన గీత
అతని మణికట్టుకి ఇంత పొడవు.

సారీ భాయ్, అన్నాను.
"లోపల కూసున్నోనికి లోపలే కనబడ్తది" అని
అంచు వేలితో తడిమి, ఊదాడు.

సంచీలోంచి కనెక్టర్ తీసి దూర్చాను.
పట్టలేదు.
కొంచెం తిప్పాను.
చదునుకి చదును తగిలాక
టక్.

సాయంత్రం ఆఫీసులో
దాన్ని లైబ్రరీలో భద్రం చేయబోతే
పేరు అడిగింది, వివరం అడిగింది.
గుండ్రం పదహారు, అని కొట్టాను.
కింది గడిలో
బయట నిలబడి చూడవలెను, అని.

ఇంటికెళ్తూ షేర్ ఆటోలో
చిల్లరతో పాటు ఏదో ఇచ్చేశాను.
వజీర్ భాయ్ ట్రేలోంచి తెచ్చుకున్న బిళ్ళ,
ఆ కన్నంలో ఉండాల్సిన ఇనుము.
డ్రైవరు వీధిదీపం కింద దాన్ని అటూ ఇటూ తిప్పి
బొటనవేలితో రాసి చూశాడు.
"చెల్లదమ్మా ఇది,
ఒక పక్క అరిగింది."